సైఖ్ కొండ మీద మైనస్ ఒకటి

మస్కట్ ఆఫీసు నుంచి ఫోను:
"లింబాద్రీ, ఇయ్యాల రాత్రి మైనస్ ఒకటి. వాయవ్యం గాలి."
రాసుకున్న.
రాసుకునుడే నా పని.
తెల్లపెట్టె తలుపు తీసి
పాదరసం ఎక్కడ ముడుసుకున్నదో చూసి
మూడు గంటలకొక అంకె.

దానిమ్మ తోట ఖల్ఫాన్ ముసలాయన
ఫోను నమ్మడు.
మేకలు గోడకు ఒత్తుకున్నయా లేదా, అంతే.
"ఇయ్యాల కాదు, రేపు" అన్నడు
ఖర్జూర గింజ ఉమ్మి.

ఇద్దరి నడుమ నేను,
రెండు కంబళ్లల్ల.
కింద వాదిల మా మెట్‌పల్లి పోరగాళ్లు
రేకుల షెడ్డుల పండుకున్నరు, రోడ్డు పనికొచ్చి.
మబ్బు పడితె ముందు వాళ్లకు చెప్పాలె.
రిజిస్టర్ల దానికి గడి లేదు.
చుక్కలు లెక్కవెట్టుకుంట కూసున్న.

నాలుగు గంటలకు చూస్తె
సున్నా. సరిగ్గ సున్నా.
ఆఫీసు తప్పింది, ముసలాయన తప్పిండు
అనుకుంటనే ఉన్న,
ఆయనే వచ్చిండు వజూ చెంబు పట్టుకోని.
వంచితె నీళ్లు పడ్తలేవు.

వేలితోని పొర పలగ్గొట్టి
సగం నా అరచేతుల పెట్టిండు.
ఏమనలేదు.

నాలుగింటి గడిల
సున్నా పక్కన
తడి వేలిముద్ర.