మూడక్షరాల చోటు

కిర్యూ ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటే నోరు మూసుకుంటున్న ఏడు
స్నానాలశాలలో, చెప్పుల అరల పక్కన
ఒక పెట్టె వచ్చి కూర్చుంది.
అందులో హొకిచి.

చిటికెనవేలి గోరంత మనిషి.
నీలం చొక్కా, చేతిలో బకెట్టు.
పొగగొట్టం ఎక్కడమే వాడి పని.
పైనుంచి మసిముద్దలు రాలతాయి, తగిలితే
'కుయ్' మని కిందికి జారతాడు.
ఆ కుయ్ నాకిప్పటికీ పళ్ళు తోముకునేటప్పుడు వినిపిస్తుంది,
ఎందుకో అడగొద్దు.

యాభై యెన్ల బిళ్ళకు నడుమ చిల్లు.
షిగేహారు దానికి పట్టుదారం కట్టి లోపలికి వదిలి
గాలం లాగినట్టు లాగేవాడు.
పట్టుదారానికి మా ఊళ్ళో కరువేముంది?
మూడోసారి తెగింది. బిళ్ళ పోయింది,
వాడి చెవి ఎర్రబడింది.

తడిజుట్టు మెడ మీద చల్లబడుతుంటే ఆడేవాళ్ళం.
అమ్మ ఆడవాళ్ళ వైపు తెర తప్పించి పిలిచేలోపు
పదమూడో అంతస్తు.
అంతకు మించి నేనెప్పుడూ ఎక్కలేదు.
ఆట అయిపోగానే పట్టిక వెలిగేది.
అందరికన్నా పైన మూడే అక్షరాలు: చి యో నో.
తొంభై తొమ్మిది వేల చిల్లర.
కరెంటు పోయి వచ్చినా మళ్ళీ అక్కడే.
ఎవతో మయెబాషి నుంచి రాత్రిళ్ళు వచ్చి ఆడిపోతోందని
షిగేహారు ఒట్టేశాడు.
నమ్మాం. పగబట్టాం.

మా వెనక, తువ్వాలు భుజాన వేసుకుని ఒకామె నిలబడేది.
నేత నమూనాలు గళ్ళకాగితం మీద దించే కొగురె గారు.
వేళ్ళకెప్పుడూ రంగుపెన్సిళ్ళ పొడి.
"ఎడమకి జరుగు. మసి పడనీ. ఇప్పుడు," అంది ఒకసారి.
పెద్దవాళ్ళకేం తెలుసని
కుడికి జరిగి చచ్చాను.

తర్వాత పెట్టెను లారీ ఎక్కించారు.
ఆ తర్వాత పొగగొట్టాన్నే కూల్చేశారు.

పోయిన నవంబరులో ఆమె ఇల్లు ఖాళీ చేశాను.
(అదే నా పని, వెళ్ళిపోయినవాళ్ళ సామాను సర్దడం.)
ఓబీ నమూనాల కట్ట అడుగున
పదహారు గళ్ళ పొడవు, పదహారు గళ్ళ వెడల్పు,
నలభై మంది హొకిచిలు.
మగ్గమైనా తెరైనా గడి గడేగా.
మొదటి పది బొమ్మల్లో వాడికి నోరుంది.
పదకొండో దాంట్లో కొట్టేసి, అంచున సన్నగా:
"నోరా, బకెట్టు పిడా? ఒక్క గడే మిగిలింది.
పిడి ఉంచాను. పనివాడు కదా."

పిన్నుతో గుచ్చిన కంపెనీ ఉత్తరం, టోక్యో ముద్ర.
మూడు వారాల కూలి ఇంత.
పేరు ఎక్కడా వేయలేమండి, క్షమించాలి.
పట్టికలో మూడక్షరాల చోటుంది,
కావాలంటే.

వాకిలి దాకా వెళ్ళి పలక మళ్ళీ చదివాను.
కొగురె చియోనో.

లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాను.
అటకమీంచి దుమ్ము రాలుతోంది.
ఎడమకి జరిగాను, కాస్త.
పడనిచ్చాను.