గోడకుర్చీ

మోకాటిచిప్పకి సరిగ్గా కింద,
బొటనవేలు ఆనించేంత చోటు.
అంతకన్నా పెద్దది కాదు నా నొప్పి ఊరు.

పగలు చీమకుర్తి రాళ్ల క్వారీలో పని.
సాయంత్రం మద్దిపాడు వాళ్లో, సంతనూతలపాడు వాళ్లో
ఎవరొస్తే వాళ్లతో వాలీబాల్.
నెట్ దగ్గర గాల్లోకి లేచే మనిషిని నేను.
లేచేటప్పుడు తెలీదు, దిగేటప్పుడూ తెలీదు.
తెల్లారి మంచం మీంచి కాలు కింద పెడితే
తెలుస్తుంది.

విచిత్రం ఏందంటే
ఆట మొదట్లో సలుపుతుంది,
ఒళ్లు వేడెక్కాక ఊరుకుంటుంది,
అప్పిచ్చినోడు పెళ్లిపందిట్లో నవ్వి ఊరుకున్నట్టు.
మర్నాడు మెట్ల మీద పట్టుకుంటుంది.

అమ్మ ఆముదం కాచి రుద్దింది.
సుబ్బరత్తమ్మ పిన్ని వావిలాకు కట్టింది.
మందుల షాపు నాసరయ్య నల్లపట్టీ అమ్మాడు.
"నరం పట్టింది, సూది వేయిస్తే పోద్ది" అన్నాడొకడు.
"ఆట మానెయ్" అన్నారు అందరూ.
మానేశా. నలభై రోజులు.
చుట్టం ఊరెళ్లినట్టు నొప్పి పోయింది.
నలభై ఒకటో రోజు ఒక్క స్మాష్ కొట్టా,
పెట్టే బేడాతో దిగింది.

ఒంగోలు, కర్నూలు రోడ్డు, రెండో అంతస్తు.
మోకాళ్లు చూసే చోటికి లిఫ్టు లేదు!
ఫిజియో మెహరున్నీసా
చూపుడువేలితో ఒక్కచోటే నొక్కింది.
"ఇక్కడేనా?"
నేను అరిచిన అరుపే రిపోర్టు.

"ఇది నరం కాదు, తాడు.
తొడకండని కాలి ఎముకకి కట్టిన తాడు.
నువ్వు ఎగిరి దిగిన ప్రతిసారీ దాని మీదే
నీ బరువంతా, నీ బరువుకి ఇంకొన్ని రెట్లు.
ఊరికే పడుకోబెడితే తాడుకి బలం రాదు.
బరువెయ్యాలి. నెమ్మదిగా.
నువ్వేం పని చేస్తావు?"

క్రేన్ కింద రాళ్లకి వైరు రోప్ కడతానని చెప్పా.
"ఇరవై టన్నుల రాయి ఎట్టా లేపుతారు?"
"ముందు తాడు బిగిస్తాం. ఆగుతాం.
రాయి నేలని వదిలేదాకా మెల్లమెల్లగా...
జర్కు ఇచ్చామా..." అని
నోరు మూసుకున్నా.
ఆమె నవ్వలేదు. చీటీ రాసింది.

చీటీలో మందు లేదు.
గోడకుర్చీ: నలభై ఐదు సెకన్లు, ఐదుసార్లు.
కొన్ని వారాలయ్యాక గుంజీళ్లు:
మూడంకెలు దిగడానికి, మూడంకెలు లేవడానికి.

గోడకుర్చీ, గుంజీళ్లు!
ఆరో తరగతిలో ఎక్కాలు రానందుకు
జక్రయ్య మాస్టారు వేసినవే
ఇరవయ్యేళ్లకి వడ్డీతో వచ్చాయి.

పదికి మూడు పాళ్ల నొప్పి దాకా ఫర్వాలేదంది.
తెల్లారి నిన్నటికన్నా ఎక్కువ లేకపోతే సాగించు,
ఉంటే తగ్గించు, మానొద్దు అంది.
వారాలు కాదయ్యా, నెలలు అంది.

ఏటవాలు చెక్క దొరక్క
కోతలో పోయిన గ్రానైటు ముక్క తెచ్చుకున్నా.
మడమ మెరకన, వేళ్లు పల్లాన పెట్టి
ఒంటికాలి మీద దిగేవాణ్ణి.
నల్లరాయి, లోపల బంగారు చుక్కలు.
చెమట పడ్డచోట ఒక్కొక్కటే వెలిగేవి.
వీపున సంచీ, సంచీలో రాతిముక్కలు,
వారానికొకటి ఎక్కువ.

రోహిణి ఎండల్లో మొదలుపెట్టా.
వానలొచ్చి క్వారీ గుంటల్లో నీళ్లు నిలిచాయి.
ఏమీ మారలేదనుకున్న రోజులే ఎక్కువ.
రెండుసార్లు చీటీ చించబోయా.

ఓ సాయంత్రం షెడ్డు గోడకి ఆని
ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది
లెక్కపెడతా ఉంటే సైకిలు ఆగింది.
జక్రయ్య మాస్టారు. కళ్లజోడు సర్దుకుని,
"ఎవడ్రా నీకు ఇన్నేళ్లకి మళ్లీ శిక్ష వేసింది?"
నలభై ఐదు అయ్యేదాకా జవాబు చెప్పలా.
తొడలు వణుకుతున్నాయి, అప్పట్లాగే.
"పోనీలే, అంకెలన్నా వచ్చాయి" అని
సైకిలెక్కి పోయాడాయన.

ఈమధ్యే మళ్లీ నెట్ దగ్గరికి పోతన్నా.
రోజు విడిచి రోజు,
పదిహేను ఎగుర్లు, లెక్కపెట్టి.
పదహారో బంతి నెత్తి మీదికొచ్చినా
చూస్తా నిలబడతా. అదే అన్నిటికన్నా కష్టం.

తెల్లారి కాలు నేలకి ఆనించి
లేచేముందు ఒక్క క్షణం ఆగుతా,
తాడు బిగిసేదాకా.