ఎన్నడుగులంట?

కళ్యాణదుర్గం దగ్గర మా చేన్లో, మోటారు కొట్టంలో,
త్రీఫేజు కరెంటు కోసం కాచుకుంటా
ఫోన్లో కజకిస్తాన్ సినిమా పెట్టినాను.
పాటల్లేవు. మాటలూ తక్కువే.
సగం తవ్విన బావి పక్కన
ఖాళీ బొక్కెన, ఒక ముసలామె.
నాలుగు నిమిషాలు అదే.
ఫోను ఆగిపాయనేమో అని తట్టి చూసినాను.

వెనక నిలబడిన గంగులప్ప మామ అడిగె,
"ఎన్నడుగులంట?"

ఆయనకు ఆ భాష రాదు, కింద పడే ఇంగ్లీషూ రాదు.
మూడో బోరు తొమ్మిదొందల అడుగులకాడ
ఒట్టి దుమ్ము కక్కిన పొద్దు
కేసింగు పైపు మీద అట్లే కూచున్యాడు,
రిగ్గోళ్లు దుడ్లు లెక్కబెట్టుకునేదాకా.

పోయిన వారం చూసిన జపాన్ సినిమాలో
రెండు గంటలూ వానే.
పిల్లోడు చచ్చిపోతాడు అందులో.
నాకు ఏడుపు రాలేదు.
చూరు నుంచి కారే నీళ్ల మీదే కన్ను,
సిగ్గులేని అసూయ.
ఇది ఎవరికీ చెప్పలేదు.

ముసలామె లేచింది. తెర నల్లనాయ. పేర్లు పడినాయి.
"నీళ్లు పడినాయా లేదా?"
"చెప్పరు మామా, ఇట్లాంటి సినిమాల్లో."
"చెప్పకుంటే ఎట్లబ్బీ!"

అంతలో కరెంటొచ్చింది.
మామ రెండో బోరు స్టార్టరు నొక్కినాడు.
పైపు రెండుసార్లు దగ్గింది.
ఇద్దరం మాట్లాడకుండా
దాని నోటికల్లే చూస్తా నిలబడినాం.