పేరేం రాయమంటవక్కా

ఖానాపూర్ బస్టాండ్ ఎదురుంగ ఫ్లెక్సీ దుకాణంల
పిలగాడు కీబోర్డు మీద వేళ్లు పెట్టి అడిగిండు:
"పేరేం రాయమంటవక్కా?"

ఫోటో అప్పటికే తెర మీదున్నది.
చెవులకు వెండి పోగులు, నెత్తికి ఎర్ర రుమాలు,
తిట్టబోయి నవ్వినట్టున్న మొఖం.

రేషన్ కార్డుల వీరేశం.
మండలాఫీసు గుమస్తా పెట్టిన పేరది.
వేర్సీ అంటే చెవినెక్కక
"వీరేశమేనా?" అని తనే అడిగి తనే రాసుకున్నడు.
బాపు తల ఊపిండు.
ఆ రోజు కావాల్సింది బియ్యం, పేరు కాదు.

కచ్ నుంచి నడిచొచ్చిండు.
నడిచి అంటే నడిచే.
నాలుగొందల గొర్లు, ఐదు ఒంటెలు,
ఒంటె మీద తిరగేసిన మంచం,
మంచంల కుండలు, నడవలేని గొర్రెపిల్లలు.
వెనుక మా అమ్మ, కడుపుల నేను.
పొద్దుపొడుపు దిక్కుకు పోతే గడ్డి దొరుకుతదని
ఎవరో చెప్పిన్రట. ఆ చెప్పినోడు రాలే.

కడెం కాడ ముసురు పట్టింది.
ఏడు రాత్రులు.
ఒంటెలు నల్లరేగడిల కూలబడ్డయి.
గొర్ల కాళ్లు కుళ్లినయి. నాలుగొందలు నూటరవై అయినయి.
అమ్మకు నొప్పులొచ్చినయి.
కురుమ ఎల్లవ్వ తలుపు తీసింది.
ఆమెకు మా మాట తెల్వదు, గొంగడి తెలుసు.
ఆ గొంగడిల పుట్టిన.
ఎల్లవ్వ రాజవ్వ అన్నది, అమ్మ రాజీ అన్నది.

"వాన తగ్గంగనే పోదాం" అన్నడట బాపు.
ముప్పై నాలుగేండ్లు వాన తగ్గలే.

మంది గొర్లను కాసిండు కూలికి.
మండలమంత తిరిగి ఉన్ని కత్తిరించిండు.
కత్తెర రింగు తిరిగిన బొటనవేలికి
కాయ కాసి, ఆ కాయ మీద ఇంకో కాయ.
ఆఖరి ఒంటెను జాతరల తిప్పేటోనికి అమ్మి
దాని గంట తెచ్చి మా తలుపుకు కట్టిండు.
తలుపు తీసినప్పుడల్ల ఎవరో లేచి నిలబడ్డట్టుండేది.

నా టెన్త్ ఒక పొట్టేలు.
తమ్ముని ఐటీఐ మూడు గొర్లు.
నా టీచర్ ట్రైనింగు ఏడు, అండ్ల ఒకటి సూడిది.
మంద తగ్గుకుంట వచ్చింది, మేం పెరుగుకుంట వచ్చినం.
ఒక్కసారే కొట్టిండు తమ్ముని,
కాపలాల నిద్రపోతే చిరుత రెండింటిని ఎత్తుకపోయినప్పుడు.
రాత్రి వాడు పడుకున్నడనుకొని
వాని అరికాళ్లకు నూనె రాసిండు.
వాడు పడుకోలే. నాకు నిన్న చెప్పిండు.

ఆయన తెలుగుల అందరూ "అది".
"ఎమ్మార్వో అచ్చింది" అన్నడోసారి ఆఫీసులనే.
ఎమ్మార్వో కూడ నవ్విండు.
నేర్చుకోవాల్సిన పని లేని మాట ఒక్కటే ఉండె.
అక్కడా బాపు అంటే తండ్రే, ఇక్కడా తండ్రే.
చెక్‌పోస్టుల ఎవరూ విప్పి చూడని సామానది.

చలికాలం నిర్మల్ తొవ్వల
ఒంటెలోళ్లు దిగితే నీళ్లు తీస్కపోయేటోడు.
ఫారెస్టోళ్లు ఏ దిక్కు తిరుగుతరో చెప్పేటోడు.
మొన్నటి ఏడు ఒక పడుచు పోరడు
వాళ్ల భాషల ఏదో అడిగిండు.
బాపు తెలుగుల చెప్పిండు.
తనకు తెల్వదు తెలుగుల చెప్తున్నట్టు.
పోరడు నవ్వి, అర్థం కాలేదని చెయ్యి తిప్పిండు.
ఆ రాత్రి బాపు అన్నం కలుపుకొని
కలుపుకుంటనే కూసున్నడు.

"అక్కా, పేరు?"

రెండూ రాయి అన్న.
వేర్సీ. వీరేశం.
"జాగ సరిపోదక్కా,
మీదికెళ్లి రుమాలు జెర్ర కట్ చేస్త."

రుమాలు ముట్టకు.
కిందున్న నా పేరు తీసెయ్యి.