కొంచెం దగ్గరికి జరగండి

ముప్పై ఏళ్లు అల్లిపురంలో స్టూడియో నడిపాను.
పెళ్లిళ్లకి పోయేవాణ్ణి.
పట్టపగలు పదకొండింటికి
జంటని షామియానా అంచుదాకా నడిపించి
పంతులుగారు వేలు పైకెత్తేవారు:
అదిగో అరుంధతి, కనిపించిందా?
ఆఁ, కనిపించింది అనేవాళ్లు.
ఫ్లాష్ కొట్టేవాణ్ణి.
నా ఆల్బమ్‌లనిండా
ఎండలోకి చూసి అబద్ధమాడిన కళ్లే.

ఇప్పుడు మంగమారిపేట దాటాక
ఇసుకలో ముక్కాలిపీట పాతి కూర్చున్నాను.
మాఘ అమావాస్య.
దక్షిణాన విశాఖ
మూత తీసిన గుండిగలా
నారింజరంగు ఆవిరి వదుల్తోంది.
ఆ వైపు ఆకాశాన్ని ఊరికే రాసిచ్చేశాను.
తూర్పున సముద్రం, దానిమీద ఇంకా ఎవరూ
వీధిదీపం వెయ్యలేదు.
లంగరేసిన ఓడలు మాత్రం నాలుగున్నాయి.
కొత్తలో వాటిలో ఒకదాన్ని చుక్కనుకుని
అరగంట ఫోకస్ చేసిన ఘనుణ్ణి నేను.

ముందు ధ్రువుణ్ణి పట్టుకోవాలి.
మన తీరంలో ధ్రువుడు పొట్టివాడు.
చాచిన చేతిమీద
పిడికిలిపై పిడికిలి పెడితే
రెండోది పూర్తిగా నిండడు.
భీమిలి వైపు ఉప్పుపొగలో
ఉన్నాడా లేడా అన్నట్టుంటాడు.
అయినా ఆయన చుట్టూ తిరగడం
ఈ యంత్రానికి నేర్పకపోతే
చుక్కలన్నీ వానగీతలైపోతాయి.

తర్వాత మఖ. మఖ దాటి పుబ్బ.
పుబ్బలో పుట్టి మఖలో మాడిపోయిందని
మా అమ్మ దేన్నైనా ఇట్టే తీసిపారేసేది.
ఆ పుబ్బలోనే, కింది చుక్క పట్టుకుని
దాని పక్క చిన్నది,
దాని పక్క ఇంకా చిన్నది,
అలా రవ్వంత జారితే
మూడు పాలపుంతలు.
వాటి వెలుగు బయల్దేరి మూడు కోట్ల ఏళ్లు దాటింది,
మాడిపోలేదమ్మా.
పెద్దదాన్ని చూపించి చిన్నదాని దగ్గరికి తీసుకెళ్లడం
పంతులుగారూ చేసిందిదే.
పాపం, వేళే కుదర్లేదు.

సూటిగా చూస్తే ఏమీ లేదు.
ఓరచూపుకి మాత్రం
అద్దంమీద ఊదిన ఊపిరి
చెరిగిపోబోయే ముందు ఎలా ఉంటుందో
అంత.

ఇరవై సెకన్లు తెరిచి చూశాను.
రెండు మరకలు నిండుగా వచ్చాయి.
మూడోది అంచున, పక్కకి తిరిగి,
సగం తెగిపోయి.
నాకు వీడు బాగా తెలుసు!
ప్రతి గ్రూపు ఫొటోలోనూ ఉంటాడు,
లాంఛనాల దగ్గర మాటొచ్చి
అలిగి వారగా నిలబడ్డ మేనమామ.
కొంచెం దగ్గరికి జరగండి బాబూ
అని నోటిదాకా వచ్చింది.

ఎవరికి చెప్పను?
నేనే లేచాను.
మర వదులు చేసి కెమెరా మెడ
మునివేళ్లతో తిప్పాను,
కొంచెం, ఇంకొంచెం.
మళ్లీ తెరిచాను. అతని భుజం వచ్చింది.
మళ్లీ తిప్పాను.
మూడోసారికి ముగ్గురూ ఒక చట్రంలో,
మధ్య చోటు చీకటిగానే ఉంచాను.
ఎడం ఉన్నవాళ్లని కలిపేసినట్టు చూపించే పని
ఇదివరకు చాలా చేశాను.

మూడు గంటలప్పుడు గరికిన నూకరాజు
తెప్ప దించడానికొచ్చి ఆగాడు.
ఏటి పడ్డాది బాబూ?
మూడు, అన్నాను.
కేజీ ఎంతకెల్తాయి?
నవ్వి తెర చూపించాను.
ఇదిగో, ఇక్కడ. కనిపించాయా?
వంగి చూశాడు. తలపాగా విప్పి
తెరమీది మంచు తుడిచి మరీ చూశాడు.
నాకేటీ అవుపడ్నేదు, అన్నాడు.

ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్నకి
నేను విన్న మొదటి నిజం.
ఫ్లాస్కులో మిగిలిన టీ మొత్తం
అతనికే పోసిచ్చాను.

ఇంకా అరవైసార్లు తెరవాలి.
అన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చితే
అప్పుడు తేలతాయి, సాయంత్రం రా
చూద్దువుగాని అన్నాను.
వత్తాను గానీ, అవుపడకపోతే
అప్పుడూ ఇదే సెప్తాను, అంటూ
తెప్పని నీళ్లలోకి తోశాడు.

లెన్సుమీద మళ్లీ చెమ్మ.
జేబురుమాలు అందుకున్నాను.