ఎనిమిది సెకన్లు

తలకోనలో, కార్తీకం వానలు వెలిసిన మూడోరోజు.
ట్రైపాడ్ కాలొకటి నీళ్లలో, ఒకటి నాచులో,
మూడోదాని కింద చెంగల్రాయుడి ఎడమ చెప్పు.

అంతెత్తునుంచి దూకే నీటిని
ఎనిమిది సెకన్లు తెరిచి పట్టాను.
తెరమీద చూస్తే
ఏకిన దూది. అంతే.
హోరు లేదు, చలి లేదు,
లెన్సు తుడిచీ తుడిచీ తడిసిన నా చొక్కా అంచు లేదు.

అతను మెడ చాచి చూశాడు.
"నీళ్లసీసా ఆడ పెట్టి పోతి గదా సామీ,
నీ ముందరే. యాడ?"
బండమీద సీసా ఉంది, పచ్చమూతతో సహా.
మనిషి లేడు.
కదిలేవాళ్లను ఇది మింగేస్తుందన్నాను.
"సీసా ఉండాది, నేనేమైపోతి!"

ఇరవై రెండేళ్లుగా ఈ దారి చూపిస్తూ
ఎందరి ఫొటోల్లోంచి ఇలా నడిచిపోయాడో.

మళ్లీ తీశాను. కదలొద్దన్నాను.
ఎర్రచందనం మానులా బిగుసుకున్నాడు.
పైకే లెక్కపెడుతున్నాను.
ఆరు దగ్గర
కొమ్మమీది కోతి నా టోపీ లాక్కుపోయింది.

ఒంటిచెప్పు కాళ్లు స్పష్టంగా వచ్చాయి,
పంచె మడతా, చేతి కడియమూ.
ముఖం ఉండాల్సిన చోట
నవ్వొకటి
నీళ్లలాగే చెదిరి ఉంది.

వెనక జలపాతం ఫోకస్ తప్పింది.
ఉండనీ.