ఊపిరితిత్తులు లేనిది

మూడో బీరువా, కింది అర.
పదకొండేళ్లు దాన్ని బల్లి అనుకున్నాను.
ఫార్మలిన్ తగ్గితే పోసేవాణ్ణి,
మూతకి మైనం రాసేవాణ్ణి,
అంతవరకే మా ఇద్దరి పరిచయం.

హైమవతి మేడమ్ రిటైరయ్యే నెలలో
సీసాలన్నీ దింపించి లెక్క రాసుకుంటూ
దీని దగ్గర కుర్చీ లాక్కుని కూచుంది.
"బల్లి కాదయ్యా యేసుపాదం,
ఒంటిమీద పొలుసేదీ, చూడు.
సాలమాండర్ ఇది.
మబ్బు నేలకి దిగి నడిచే అడవి దీనిది.
ఆకు దొప్పలో నిలిచిన వానే దీని ఇల్లు.
ఊపిరితిత్తులు లేవు."

మరెలా బతుకుద్దమ్మా?

"ఒంటితో పీలుస్తుంది. తడి ఒంటితో.
తడారిందా, ఊపిరాగినట్టే."

ఆ మాట సైకిలు వెనక ఎక్కి నాతో ఇంటికొచ్చింది.

మాది మిర్చి యార్డు వెనక సందు.
మాఘం దాటిందంటే గాలికి రంగొస్తుంది,
ఆరేసిన తెల్లచొక్కా అడుగుతుంది నీదే ఊరని.
కరుణమ్మ ఇరవైరెండేళ్లు తొడిమలు తీసింది.
తనకి రెండున్నాయి ఊపిరితిత్తులు,
పెద్దాసుపత్రి డాక్టరు వెలుతురుకెత్తి చూపించాడు.
రెండూ ఉండి
రాత్రిళ్లు గోడకానుకుని కూచునే నిద్రపోతుంది.

మర్నాడు మేడమ్ ఇంకో సంగతి చెప్పింది.
లోకం వేడెక్కేకొద్దీ ఆ మబ్బు
కొండమీద పైపైకి జరుగుతోందట.
మబ్బు వెంబడే ఇదీ పాకుతుందట,
వేలెడంత ప్రాణి, నాలుగు పుల్లల్లాంటి కాళ్లతో.
పైకి, ఇంకా పైకి.
"తర్వాత?" అన్నాను.
"తర్వాత కొండ అయిపోతుంది" అంది,
కళ్లజోడు తుడుచుకుంటూ.

నేనొకటి చెప్పాలి.
కోతలు నేర్పే రోజుల్లో కప్పల్ని పట్టింది నేనే.
నంబూరు పొలాల్లో, తొలకరి రాత్రి,
టార్చి వెలుగు కళ్లలో పడితే
బోదురు కప్ప కదలదు. నమ్మినట్టు చూస్తుంది.
కప్పకి రూపాయిన్నర.
గోనెసంచి సైకిలుకి కట్టుకుని వస్తుంటే
వెనక నించి సంచంతా ఒకే గొంతై అరిచేది.
ఆ డబ్బుతోనే మా పాపకి కాలిపట్టీలు చేయించాను.
కోతలు ఆగిపోయి చాన్నాళ్లయింది.
పోయిన వానల్లో ఊరికే వెళ్లాను నంబూరు,
టార్చి వేశాను.
తెల్లరంగేసిన వెంచరు రాళ్లు,
నంబర్లు వేసినవి,
అవీ కదల్లేదు.

ల్యాబు వెనక ఒక కుళాయి కారుతుంది.
కింద పగిలిన ఇటుకలు, నాచు,
ఎవరూ నాటని చేమాకు.
ఇటుక ఎత్తితే నాలుగు,
వాన పడ్డ మర్నాడు తొమ్మిది.
చిట్టి కప్పలు, గొంతుకింద చర్మం
టకటకా కొట్టుకుంటూ.

ప్రిన్సిపాలు గారు కాలేషాని పంపారు,
రెంచీ, వాషరు, తాడుముక్కతో.
కాలేషా ఇవాళ వద్దన్నాను.
"నీళ్లు ఊరికే పోతన్నయి గదా మావా."
ఊరికే పోవడంలేదురా అన్నాను,
ఎక్కడికి పోతున్నాయో చెప్పలేక ఇటుకెత్తి చూపించాను.
వాడు చాలాసేపు గొంతుక్కూచున్నాడు.
బీడీ తీశాడు, వెలిగించబోయి జేబులో పెట్టేసుకున్నాడు.

రాత్రి తువ్వాలు తడిపి కిటికీకి కట్టాను.
"ఏందది?" అంది కరుణమ్మ దగ్గు మధ్యలో.
మబ్బు, అన్నాను.
"నీ మొహం. దోమలొస్తయి, తలుపెయ్యి."
వేశాను.
తువ్వాలు మూడు గంటలకి ఆరిపోయింది,
లేచి మళ్లీ తడిపాను.

సీసా మీద చీటీ మార్చమని వెళ్లేముందు చెప్పింది మేడమ్.
పాత చీటీలో పేరుంది, ఏడాది సగం ఉంది,
దొరికిన చోటు దగ్గర సిరా కరిగి
నీలం మరక.
కొత్త చీటీ మీద ఆ చోటు వదిలేశాను.

కాలేషా వాషరు మార్చాడు,
పనైనట్టు సంతకం పెట్టించుకున్నాడు.
వాడు వెళ్లాక లెక్కపెట్టాను
గోడమీది గడియారం చూస్తూ:
నిమిషానికి ఆరు చుక్కలు.